టీవీకి ఎదురుగా ఉన్న పీట

ఎండాకాలం వచ్చిందంటే టీవీవాళ్లకు మతి పోతుందని బొత్తాల పిన్ని గట్టి నమ్మకం. చలికాలంలో పద్ధతిగా పాటల పోటీలో డాన్సు పోటీలో పెట్టుకునేవాళ్లు కాస్తా, ఎండలు ముదిరేసరికి ముక్కూ మొహం తెలియని జనాన్ని పోగేసి, ఒక కొంపలో పడేసి, చుట్టూ కెమెరాలు బిగించి, ఇక మీ ఇష్టం కొట్టుకు చావండి అని వదిలేస్తారు.

"చలికాలం షోల్లో ఏడుపు ఎక్కువ, ఎండాకాలం షోల్లో చెమట ఎక్కువ. నాకు చెమటే ఇష్టమర్రా. ఏడుపు నటించొచ్చు. చెమట ఎక్కణ్ణుంచి తెస్తారూ!" అనేది పిన్ని, సూదిలో దారం ఎక్కిస్తూ.

ఆ మాటలు వినేవాళ్లందరూ ఆవిడకు వీపులు పెట్టి కూర్చునేవాళ్లు. అది మర్యాద తెలియక కాదు. అది స్కూలు యూనిఫారాలు కుట్టే కొట్టు. ప్లగ్గులన్నీ ఒకే గోడకు ఉన్నాయి కాబట్టి మిషన్లన్నీ ఆ గోడ వైపే తిరిగి ఉన్నాయి. టీవీ ఏమో ఎదుటి గోడ మీద ఉంది. మోటార్లన్నీ ఒక్కసారి తిరగడం మొదలెడితే పక్క మనిషి తుమ్మినా వినపడదు, ఇక టీవీ మాట ఎక్కడ! దాని గొంతు ఎప్పుడో నొక్కేశారు. బొమ్మ మాత్రం ఆడుతూ ఉంటుంది.

ఆ బొమ్మ కనిపించే చోటు కొట్లో రెండే. ఒకటి కటింగ్ మాస్టరు బల్ల. మాస్టరు పిన్నికి స్వయానా అక్క కొడుకు, కొట్టు అతనిదే. కత్తెర పట్టుకున్నాడంటే గుడ్డ తప్ప లోకం కనపడదతనికి. మాట అయితే మరీ పొదుపు. రెండోది పిన్ని పీట. బొత్తాలు చేత్తో కుట్టే పని కనుక ఆవిడకు ప్లగ్గుతో పని లేదు. టీవీకి ఎదురుగా పీట వేసుకుని, ఒళ్లో చొక్కా, నోట్లో కబురు పెట్టుకుని కూర్చునేది. ఆవిడ చేతులకు కళ్లున్నాయని పేరు. బొత్తం వంక చూడకుండానే కుట్టేసేది. గొంతైతే మోటార్ల హోరును కూడా దాటి వినపడేది.

కాబట్టి ఆ కొట్లో షో అంటే పిన్ని చెప్పేదే షో.

ఈ ఏడు ఆవిడ పట్టుకున్నది సముద్రం ఒడ్డున పాడుబడిన హోటల్ షో. కొంతమందిని తెచ్చి అందులో పడేశారు. వాళ్లే తుడిచి, కడిగి, సున్నాలు వేసి, వండి పెట్టి ఎండాకాలం అయ్యేదాకా ఆ హోటల్ నడపాలి. వచ్చిన అతిథులకు ఎవరు నచ్చకపోతే వాళ్లు వారం చివర పెట్టె సర్దుకోవాలి. వాళ్ల పేర్లేమిటో పిన్నికి తెలియదు, తెలుసుకోవాలనీ లేదు. పేర్లు తనే పెట్టేసింది. ఎంత పని చేసినా చొక్కా నలగని కుర్రాడు ఇస్త్రీ చొక్కా. ఎప్పుడూ మూతి ముడుచుకుని ఉండే పిల్ల నిమ్మకాయ. ఎక్కడికెళ్లినా చంకలో దిండు పెట్టుకుని తిరిగే నడివయసావిడ దిండమ్మ.

"చూశారుటర్రా, దిండమ్మ మళ్లీ కూలబడింది! తలోపక్కా చీపుళ్లు పట్టుకుని చస్తుంటే ఈవిడగారికి దిండు కావాల్సొచ్చింది!" అని పిన్ని అంటే, మిషను ఆపకుండానే జేబులు కుట్టే కోడలు నవ్వేది. కోడలంటే మాస్టరు భార్య. కాలర్లు కుట్టే బావ మాత్రం ఊరుకునేవాడు కాదు. ఆయన ఎవరికీ బావ కాడు. అందర్నీ ఆటపట్టిస్తాడని ఆ పేరు స్థిరపడిపోయింది.

"దిండమ్మని ఏమీ అనకు పిన్నీ. మా ఆవిడ గుర్తొస్తోంది."

"మీ ఆవిడ వింటే నీకు దిండు కూడా మిగలదు. సరే గానీ విను. ఇస్త్రీ చొక్కా వెళ్లి నిమ్మకాయ చెవిలో ఏదో అన్నాడు. నవ్వింది! నిమ్మకాయ నవ్విందర్రా!"

వాళ్లిద్దరి మధ్య ఏదో నడుస్తోందని పిన్ని మొదటి వారంలోనే పసిగట్టేసింది. "కచ్చాకుట్టు ప్రేమ," అని తేల్చేసింది. కచ్చాకుట్టంటే అసలు కుట్టు పడేదాకా గుడ్డ కదలకుండా వేసే తాత్కాలికపు కుట్టు. "ఒక్క ఉతుకు ఉతికితే ఊడిపోతుంది. నిలబడుతుందో లేదో చూద్దాం." నిలబడాలని కోడలు. ఊడాలని బావ. అలా రోజూ మధ్యాహ్నం ఆ కొట్టు ఎంత ఉక్కపోసినా హుషారుగా కదిలిపోయేది.

ఏ మాటకామాటే చెప్పుకోవాలి. పిన్ని కొంచెం ఉప్పూ కారం తగిలించేది. మాట వినపడదు కదా మరి. పెదాలు కదిలితే మాట ఈవిడే వేసేది. అది అబద్ధమని ఆవిడకెప్పుడూ అనిపించలేదు.

అలా ఉండగా, స్కూళ్లు తెరిచే రోజులు దగ్గర పడి కొట్లో ఊపిరి సలపనంత పని ఉన్నప్పుడు, దిండమ్మ ఇస్త్రీ చొక్కాని ఈతకొలనులోకి తోసేసింది.

"తోసేసిందర్రోయ్!" అని పిన్ని పెట్టిన కేకకు మిషన్లన్నీ ఠక్కున ఆగాయి. "ఇస్త్రీ మొత్తం నీళ్ల పాలు! నిమ్మకాయ పరుగెత్తుకొస్తోంది... చెయ్యి అందిస్తోంది... అబ్బబ్బ, ఆ చూపు చూడండర్రా!"

చూపుల సంగతి ఎలా ఉన్నా, ఆ పూటంతా పిన్ని చేతులు మాత్రం కుడుతూనే ఉన్నాయి. కుట్టాల్సింది సుద్దతో పెట్టిన మొదటి గుర్తు మీద నుంచి. చేతులేమో రెండో గుర్తు మీద నుంచి మొదలెట్టాయి. ఒక చొక్కా కాదు, ఒక కట్ట మొత్తం.

సాయంత్రం బావ ఒక చొక్కా తీసి బొత్తాలు పెట్టి హ్యాంగరుకు తగిలించాడు. కాలరు ఒక పక్క చెవి అందుకోబోతోంది, కింద అంచు ఇంకో పక్క మోకాలు చూసొస్తానంటోంది. బావకు నవ్వు ఆగలేదు. ఇంకోటి తగిలించాడు. అదీ అంతే. మూడోది తీస్తూ మాస్టరు మొహం చూసి నవ్వు మింగేశాడు.

పిన్నికి తల తీసేసినట్టయింది. బొత్తాలన్నీ విప్పడానికి కోడలూ బావా కూడా కూర్చోవలసి వచ్చింది. మాస్టరు పల్లెత్తు మాట అనలేదు. నాలుగు తిట్టినా బాగుండుననిపించింది ఆవిడకు.

ఆ తరవాత మెకానిక్కు ఒక కొత్త మిషను తెచ్చి గోడవారన బిగించాడు. బొత్తాలు కుట్టే మిషను. బొత్తం దవడలో పెట్టి కాలితో ఒక్క నొక్కు నొక్కితే చాలు, టకటకటకమని కుట్టి దారం కూడా అదే తెంపేస్తుంది. అందరూ చుట్టూ మూగి ముచ్చటగా చూశారు. పిన్ని కూడా చూసింది. అప్పుడు మాస్టరు ఆవిడను పక్కకు పిలిచాడు.

"పిన్నీ, ఇంక నీకీ అవస్థ వద్దు. మిషను మా ఆవిడ చూసుకుంటుంది. నువ్వు ఇంట్లో హాయిగా కూర్చుని టీవీ చూసుకో. సౌండుతో సహా."

అంత పొడుగు మాట అతని నోటంట రావడమే గొప్ప. ప్రేమగానే అన్నాడు, అందులో ఏ మాయా మర్మం లేదు. అందుకే పిన్నికి దెబ్బలాడ్డానికి కూడా దారి దొరకలేదు. "అలాగేలే నాయనా," అని సూదుల డబ్బా చేతిలో పెట్టుకుని వచ్చేసింది. వెనక సందులో ఒంటరిగా ఉండే మనిషి. ఆ కొట్టే ఆవిడకు నలుగురు మనుషులున్న ఇల్లు. ఆ పీట పోతే ఇక తనెక్కడ కూర్చోవాలో ఆవిడకు నిజంగా తెలియలేదు.

మర్నాడు మధ్యాహ్నం వేళకు టీవీ పెట్టింది. గొంతు పెంచింది. ఇంట్లో ఒంటరిగా ఎప్పుడూ చూడలేదు గనుక, ఆ షోలో మనుషులు మాట్లాడ్డం వినడం ఆవిడకు అదే మొదలు.

నిమ్మకాయ మెట్లు కడుగుతూ తల ఎత్తి, "అన్నయ్యా, ఆ బకెట్టు ఇటివ్వు," అంది. ఇస్త్రీ చొక్కా బకెట్టు ఇచ్చాడు.

పిన్ని చేతిలో టీ కప్పు కిందపడి బద్దలైంది. "అన్నాచెల్లెళ్లా! ఓరి నాయనో! ఛీ ఛీ ఛీ!" అని నెత్తి కొట్టుకుంది. ఇన్ని రోజులూ తను వాళ్లకు కట్టిన కథంతా కళ్లముందు గిర్రున తిరిగింది. అక్కడితో అయిందా? కాసేపటికి దిండమ్మ నడుము పట్టుకుని మంచం మీద ఒరుగుతూ, ఏళ్ల తరబడి ఉన్న నొప్పి అనీ, దిండు ఆనించకపోతే కూర్చోలేననీ, మొన్న ఈతకొలను దగ్గర నడుము పట్టేసి తూలి ఆ అబ్బాయి మీద పడ్డాననీ చెప్పుకొచ్చింది. ఆవిణ్ణా తను సోమరిపోతు అని నలుగురి ముందూ దులిపేసింది! పిన్ని రెండు చెంపలూ వేసుకుంది.

"విన్నావుటే అమ్మాయ్?" అని అలవాటు కొద్దీ వెనక్కి తిరిగింది. వెనక బీరువా ఉంది.

అప్పుడొచ్చింది ఆవిడకు ఏడుపు. ఇంత గొప్ప సంగతి తెలిసింది, చెప్పుకోవడానికి ఒక్క పురుగు లేదు. టీవీలో జనం గలగలా మాట్లాడుతూనే ఉన్నారు. అయినా ఇల్లు చడీచప్పుడూ లేకుండా ఉంది. కాసేపు చూసి కట్టేసింది.

మూడు నాలుగు రోజులు పోయాక సాయంత్రం పూట కోడలు వచ్చింది. వచ్చీ రాగానే మంచం మీద చతికిలబడి, "చిన్నత్తయ్యా, మా కొట్లో బతుకు బతుకులా లేదండీ," అంది.

"ఏమయిందే? మిషను పాడైందా?"

"మిషను బంగారంలా ఉంది. మనుషులే పాడయ్యారు. బావ నిన్న దారపు రీలు కోసం నాతో గొడవేసుకున్నాడు. ఎప్పుడైనా ఎరుగుదుమా? షోలో ఏం జరుగుతోందో చెప్పమని మీ అబ్బాయిని బతిమాలాం. చెప్పారు."

"వాడు చెప్పాడా! ఏం చెప్పాడు?"

"'ఒకామె వచ్చింది' అన్నారు. తరవాతా అంటే 'వెళ్లింది' అన్నారు. ఎందుకు వెళ్లిందండీ అంటే 'నాకేం తెలుసు' అన్నారు. ఆయన చెప్పే షోలో ఎవరూ ఏమీ చెయ్యరు చిన్నత్తయ్యా. వస్తారు, పోతారు."

పిన్ని పకపకా నవ్వేసింది. ఎన్నాళ్లకు నవ్విందో.

"మీరు వచ్చెయ్యండి. పనేం చెయ్యొద్దు. ఊరికే మీ పీట మీద కూర్చుని కబుర్లు చెప్పండి చాలు," అంది కోడలు.

పిన్ని నవ్వు ఆగిపోయింది. ముక్కుపుటాలు అదిరాయి.

"ఊరికే కూర్చోవడానికి నేనేమన్నా గోడకు వేలాడే కేలండర్నా? అందరూ ఒళ్లు హూనం చేసుకుంటుంటే నేను కాళ్లు జాపుకుని నోరు ఆడించాలా? పనుంటే చెప్పు వస్తా. లేదంటే నా కొంపలో నేనుంటా."

"పనంటే... ఆ మిషనే ఉంది."

"అయితే అదే నేర్పు. నువ్వు నీ జేబులకు పో."

"కానీ చిన్నత్తయ్యా, అది గోడ వైపుంది. దాని ముందు కూర్చుంటే టీవీ కనపడదు."

"కనపడకపోతే పోనీ. మీరు కనపడతారుగా," అంది పిన్ని.

అలా పిన్ని మళ్లీ కొట్లో అడుగుపెట్టింది. మొదటి రోజే సూది విరగ్గొట్టింది. రెండో బొత్తం ఎగిరి బావ టీలో పడింది. "పిన్నీ, పంచదార వేసుకున్నానే, ఇదెందుకు?" అన్నాడు బావ. మాస్టరు వచ్చి మాట్లాడకుండా కొత్త సూది బిగించి వెళ్లాడు. మధ్యాహ్నానికి మిషను దారికొచ్చింది. అప్పుడు పిన్ని గొంతు సవరించుకుని, గోడకే చూస్తూ, తన తప్పు ఒప్పేసుకుంది.

"మీకో మాట చెప్పాలర్రా. వాళ్లిద్దరూ... అన్నాచెల్లెళ్లు."

ఎవరూ ఉలిక్కిపడలేదు. కోడలు జేబు తిప్పుకుంటూ, "నాకు తెలుసు చిన్నత్తయ్యా. రాత్రిళ్లు మళ్లీ వేస్తారుగా, ఇంట్లో చూస్తాం," అంది.

"నాక్కూడా తెలుసు," అన్నాడు బావ. "మా ఆవిడ మొదటి వారమే చెప్పింది."

"తెలిసీ నోరు మూసుకుని కూర్చున్నారా! నన్ను వెర్రిదాన్ని చేసి!"

"అది కాదు పిన్నీ. ఇంట్లో చూసేది వేరే షో. ఇక్కడిది వేరే. ఇక్కడిదే బాగుంటుంది," అన్నాడు బావ. మొదటిసారి ఆయన మాటలో వేళాకోళం లేదు.

పిన్నికి కోపమొచ్చిందో సంతోషమొచ్చిందో తేల్చుకోలేక నాలుగు బొత్తాలు గబగబా కుట్టేసింది. "సరే, తప్పు కుట్టు విప్పేద్దాం. దిండమ్మ మహా ఇల్లాలు. ఆవిణ్ణి ఇంకెవరన్నా ఏమన్నా అంటే ఊరుకోను," అని ప్రకటించింది.

అయితే బొమ్మ కనపడాలి కదా. కళ్లు టీవీ వైపున్నవాడు ఒక్కడే మిగిలాడు.

"ఒరేయ్, ఏం కనపడుతోందిరా?"

"నిమ్మకాయ కిటికీ తుడుస్తోంది," అన్నాడు మాస్టరు, కత్తెర ఆపి.

"మొహం ఎలా ఉంది?"

"మొహంలానే ఉంది."

"నీ తెలివి తెల్లారినట్టే ఉంది! కిటికీలోంచి ఎటు చూస్తోంది?"

"బయటికి."

"అదీ! బయటికి చూస్తోందర్రా. ఇవాళ శనివారం, పెట్టె ఎవరు సర్దుతారో అని దిగులు. అన్నను పంపించేస్తారేమోనని దాని భయం..." అని పిన్ని అందుకుంది. మాస్టరు గుడ్డ ఇస్తే పిన్ని చొక్కా కుట్టినట్టు, అక్కణ్ణుంచి అలాగే సాగింది. మాస్టరు మాత్రం కళ్లకు కనపడ్డదానికి మించి ఒక్క పొల్లు మాట అనేవాడు కాదు.

మిషను ముందరి స్టూలు ఎత్తుగా, బిరుసుగా ఉండేది. రెండో రోజుకే పిన్ని నడుము పట్టుకుంది. మూడో రోజు వచ్చేసరికి స్టూలు మీద ఆకుపచ్చ గళ్ల దిండొకటి ఉంది. యూనిఫారం గౌన్లు కత్తిరించగా మిగిలిన గుడ్డ. అంచుల దగ్గర గళ్లకు గళ్లు వెంట్రుకవాసి తేడా లేకుండా అతికాయి. అలా కత్తిరించేవాడు ఆ కొట్లో ఒక్కడే.

"ఎవరు కుట్టార్రా ఇది?"

"ఏమో. ముక్క పడుంటే ఎవరో కుట్టుంటారు," అన్నాడు మాస్టరు తల ఎత్తకుండా.

పిన్ని దిండు మీద కూర్చుంది గానీ, మనసులో ముల్లు అలాగే ఉంది. యూనిఫారాల పని అయిపోవస్తోంది. స్కూళ్లు తెరిచేశాక బొత్తాలేం ఉంటాయి? మిషను మీద గుడ్డ కప్పేస్తారు. తనను మళ్లీ హాయిగా ఇంట్లో కూర్చోమంటారు. అడుగుదామంటే నోరు రాలేదు. లోకంలో అందరి సంగతీ మాట్లాడే నోరు తన సంగతి దగ్గర మొరాయించింది.

ఆఖరి కట్ట చొక్కాల రోజే షోకీ ఆఖరి రోజు అయింది. బయట గాలిదుమారం లేచింది. బావ హ్యాంగర్ల మీది చొక్కాలు దించి మడతపెడుతున్నాడు. మిషన్ల గోడకు, ఎండాకాలమంతా ఆ చొక్కాల వెనక దాగిన నిలువుటద్దం మెల్లగా బయటపడుతోంది.

"చెప్పరా, ఏం జరుగుతోంది?" అంది పిన్ని బొత్తం దవడలో పెడుతూ.

"అందరూ వరండాలో నిలబడ్డారు. దిండమ్మ పెట్టె తెచ్చుకుంది."

"అయ్యో! ఆవిడేనా వెళ్లేది?" అంది కోడలు. మిషన్లు నెమ్మదించాయి.

"హోటలే మూసేస్తున్నారే పిచ్చిమొహమా. ఎండాకాలం అయిపోయింది, ఇంక ఎవరి దారి వాళ్లది," అంది పిన్ని. "తరవాత?"

వెనక మాస్టరు కత్తెర చప్పుడు ఆగింది. పిన్ని తల ఎత్తింది. ఎదురుగా బావ చివరి వరస చొక్కాలు దించేశాడు. అద్దంలో టీవీ కనపడింది. తెర నల్లగా ఉంది. గాలికి ఎక్కడో కేబుల్ తీగ తెగినట్టుంది, బొమ్మ లేదు. తెర పక్కన కత్తెర పట్టుకుని అక్క కొడుకు నిలబడి ఉన్నాడు. అతను టీవీని చూడటం లేదు. పిన్ని వీపు వంక చూస్తున్నాడు.

"తరవాతేమయింది మాస్టారూ?" అన్నాడు బావ తల దించుకుని మడత పెడుతూ.

మాస్టరు పుట్టి బుద్ధెరిగి కంటికి కనపడనిది ఒక్కటీ చెప్పని మనిషి.

"ఇస్త్రీ చొక్కా వచ్చి... ఆవిడ చేతిలో పెట్టె తీసుకున్నాడు. కుర్చీ వేశాడు. వీపు వెనక దిండు పెట్టాడు."

కొట్లో మోటార్లన్నీ ఆగిపోయాయి.

"ఏదో అంటున్నాడు. సీజను అయిపోతే అయిపోయిందిలే, నువ్వు మాత్రం ఇక్కడే ఉండు అంటున్నాడు. బొత్తాలు... అదే, పనులు లేకపోయినా ఏదో ఒకటి చూద్దాం అంటున్నాడు. నువ్వు లేకపోతే కొట్టు... హోటల్ బావుండదంటున్నాడు."

కోడలు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. పిన్ని కళ్లు నిండిపోయాయి. అద్దంలో నల్ల తెర అలికినట్టయిపోయింది.

"ఏ రంగు దిండురా?" అని అడిగింది.

"ఆకుపచ్చ," అన్నాడు మాస్టరు. "గళ్లది."

"మరి దిండమ్మ ఏమంది?" అన్నాడు బావ.

మాస్టరు కత్తెర తెరిచాడు, మూశాడు. అతనికి తెలిసిన కథ అంతవరకే. పిన్ని కొంగుతో కళ్లు తుడుచుకుని, స్టూలు మీద సర్దుకుని కూర్చుని, ఆఖరి చొక్కా అందుకుంది.

"ఉంటానందిరా," అని పెడల్ మీద కాలేసింది.